పసుపు కొమ్ములు

చింతలగడ్డ రాజలింగం ఏడాది పొడుగునా పేపరు ముట్టుకోడు. డిసెంబరు ఆఖరి రోజులు వచ్చాయంటే మాత్రం పొద్దున్నే అంజన్న చాయ్ హోటల్ ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. ఆ రోజుల్లోనే పోలీసువాళ్లు సంవత్సరం లెక్క చెబుతారు. రాష్ట్రం మొత్తంలో ఏ నేరం ఎంత పెరిగింది, ఏది తగ్గింది అన్నది ఒక పేజీ, జిల్లా సంగతి లోపలి పేజీ. రాజలింగం కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి అదంతా పైకి చదువుతాడు. దొంగతనాలు పెరిగాయని చదివి తల అడ్డంగా ఆడిస్తాడు. ఫోన్లో తియ్యటి మాటలు చెప్పి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే మోసాలు మరీ పెరిగాయని చదివి నాలుక చప్పరిస్తాడు. ఇదంతా లోకం మీద జాలితో చేస్తున్నాడని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఆయనకు లోపల పండగ.

"అందరియి పెరిగినయి," అని పేపరు మడిచి చంకలో పెట్టుకుంటాడు. "మన ఊరిది ఎంతరా అంజన్నా?"

"సున్నా," అంటాడు అంజన్న చాయ్ వడగడుతూ.

ఏటా అదే ప్రశ్న, అదే జవాబు. అంజన్నకు విసుగు పుట్టినా బయటపడడు. ఉద్దెర లేకుండా, అప్పటికప్పుడు డబ్బులిచ్చి చాయ్ తాగేవాళ్లు ఆ ఊళ్లో తక్కువ, రాజలింగం అందులో ఒకడు.

ఆ సున్నా వెనక రాజలింగం కష్టం చాలానే ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల మీద పనిచేశాడు. అక్కడ ఎవరో ఇద్దరు కొట్టుకుంటే చూసిన పాపానికి సాక్ష్యం చెప్పబోయి, నెలల తరబడి పోలీసు ఠాణా చుట్టూ తిరిగి, ఉన్న పని కాస్తా పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయనకు ఠాణా అంటే కంపరం. ఊరికి తిరిగొచ్చి చేనేత సొసైటీకి అధ్యక్షుడయ్యాక, ఏ తగాదా వచ్చినా ఊరు దాటనివ్వకుండా సొసైటీ వరండాలోనే కూర్చోబెట్టి తెగ్గొట్టడం మొదలుపెట్టాడు. గట్టు జరిపినవాడైనా, కోడిని కాజేసినవాడైనా, తాగి పక్కింటి తలుపు తన్నినవాడైనా తప్పు ఒప్పుకుని జుర్మానా కట్టాల్సిందే. ఆ తర్వాత అసలు తంతు ఉంటుంది. తప్పు చేసినవాడూ నష్టపోయినవాడూ పక్కపక్కన కూర్చుని ఒకే సీసాలో కల్లు చెరిసగం తాగాలి. దానికి రాజీకల్లు అని పేరు. సీసా ఖాళీ అయిందంటే ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. పద్ధతి ఎంత బాగా కుదిరిందంటే, కొందరు కల్లు కోసమే తగాదా పెట్టుకుంటున్నారేమోనని రాజలింగానికి అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది.

ఇబ్బందల్లా బయటి దొంగతోనే. వాడు జుర్మానా కట్టడు, కల్లు తాగడానికి కూర్చోడు.

దసరా పోయిన కొత్తలో అలాంటిదే ఒకటి జరిగింది. ప్రవీణ అని, పద్మశాలి వాడలో కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. భర్త సునీల్ దుబాయిలో పనిచేస్తున్నాడు. పత్తి ఏరి చేను నుంచి ఒంటరిగా వస్తుంటే, మోటరుసైకిలు మీద వచ్చినవాడెవడో మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ నేరుగా రాజలింగం ఇంటికే వచ్చింది. ఆయన భార్య కొండవ్వ ఆ రోజు ఊళ్లో లేదు.

రాజలింగం ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. చాలా దయగానే మాట్లాడాడు.

"ఎవడో తెల్వదు, యాడోడో తెల్వదు. ఠాణాకు పోతే వాడు దొరుకుతడా బిడ్డా? మనల్నే పదిసార్లు తిప్పుతరు. ఊరి పేరు పోతది. మీ ఆయన వచ్చినంక కొత్తది చేపిస్తడు గని, నువ్వైతే ఎవ్వలికి చెప్పకు."

ప్రవీణ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఒక తలనొప్పిని తేలిగ్గా దాటించానని రాజలింగం ఆ రోజు అన్నం కూడా తృప్తిగా తిన్నాడు. తర్వాత ఆ సంగతి మరిచిపోయాడు.

ఇలా ఉండగా డిసెంబరు నడుమన సిద్దిపేటలో బట్టల దుకాణం నడిపే రత్నాకర్ కారేసుకుని చింతలగడ్డకు వచ్చాడు. ఆయన ఒక వర్తకుల సంఘానికి పెద్ద. కేసులు లేని పల్లెను ఎంచి, శాంతి గ్రామమని పేరు పెట్టి, ఆ నెల ఆఖరి ఆదివారం సిద్దిపేటలో సన్మానం చేయాలని వాళ్ల సంఘం తీర్మానించిందట. పెద్దమనిషికి శాలువా, షీల్డు. ఊరికి ఫిల్టరు నీళ్ల ప్లాంటు. ఆ ఊరి బోర్ల నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టిపోతున్నాయి కాబట్టి నీళ్ల ప్లాంటు అనగానే సొసైటీ ముందు మూగిన జనం గుసగుసలు మానేశారు. రాజలింగం మాత్రం షీల్డు దగ్గరే ఆగిపోయాడు. దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలా అని ఆ సాయంత్రమంతా గోడలు చూశాడు.

సన్మానం ఇంకా వారం ఉందనగా, ఒక సాయంత్రం కొండవ్వ గడపలోనే కూలబడింది. చంద్లాపూర్‌లో చెల్లెలిని చూసి బస్సు దిగి నడిచొస్తోంది. జుట్టు చెదిరింది, మెడ మీద ఎర్రగా గీత పడింది.

"పాయె," అంది. "పుస్తెలతాడు పాయె."

రాజలింగం చేతిలోని చెంబు అక్కడే పెట్టేసి ఆమె పక్కన కూర్చున్నాడు. కొండవ్వ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. ఒకడు మోటరుసైకిలు ఆపి, మూలలకు పసుపు పూసిన లగ్గంపత్రిక చేతికిచ్చి, పెద్దమ్మా ఈ ఇల్లు యాడుందో జర చెప్పమన్నాడు. ఎవరింట్లో లగ్గమో చూద్దామని ఆమె పత్రిక మీదికి వంగింది. అంతే. తల ఎత్తేసరికి పత్రికా లేదు, పుస్తెలతాడూ లేదు, వాడూ లేడు.

రాజలింగం కొబ్బరినూనె తెచ్చి ఆ గీత మీద రాశాడు. నలభై ఏళ్ల కింద తన చేత్తో కట్టిన పుస్తెలు. వాడు ఎదురుగా ఉంటే గొంతు పిసికేవాణ్నే అనుకున్నాడు. వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు కూడా. రెండో చెప్పు తొడుక్కుంటుండగా ఆదివారం గుర్తొచ్చింది.

చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వచ్చాడు.

"కొండవ్వా, ఒక్క వారం ఆగుదాం. ఆదివారం దాటనీయి. సోమవారం పొద్దుగాల నేనే ఠాణాకు తోల్కపోత."

"ఎందుకాగాలె?"

"గిప్పుడు కేసైతే ఊరి పేరు పోతది. నీళ్ల ప్లాంటు పోతది. నీకెరుకే గదా."

కొండవ్వ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. "సరే తీయ్," అంది.

నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆమె 'సరే తీయ్' అంటే ఏమిటో తెలిసి ఉండాలి. రాజలింగానికి తెలుసు కూడా. తెలిసినా, ఆ పూటకు తెలియనట్టే ఉండటం హాయిగా అనిపించింది. కొండవ్వ లేచి, డబ్బాలోంచి ఒక పసుపు కొమ్ము తీసి, పసుపు దారానికి కట్టి మెడలో వేసుకుంది. పుస్తెలు పోయిన ముత్తైదువ బోసిమెడతో ఉండకూడదని ఆ పక్క ఆడవాళ్లు అలాగే చేస్తారు. పైన చీర కొంగు మెడ చుట్టూ బిగించి చుట్టుకుంది. అన్నం వండింది, వడ్డించింది, ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదని రాజలింగానికి ముద్ద ముద్దకూ అనిపించింది.

ఆ వారమంతా ఊరు సన్మానం పనుల్లో మునిగింది. కొడుకు నవనీత్ తన ఆటో కడిగి మెరిపించాడు. గురువారం పొద్దున రాజలింగం తెల్ల చొక్కా వేసుకుని, గుండీలు పడుతున్నాయో లేదో అద్దంలో చూసుకుంటున్నాడు. వరండాలో గాజుల చప్పుడు వినపడింది. బయటికొస్తే కొండవ్వ, ఆమె వెనక మరో నలుగురు ఆడవాళ్లు. ప్రవీణ ఉంది. కిరాణా కొట్టు నడిపే సుమిత్రమ్మ ఉంది. మిగతా ఇద్దరూ పత్తి చేలకు పోయేవాళ్లు. అందరూ కొంగులు మెడల చుట్టూ బిగించుకుని చలికి ముడుచుకున్నట్టు కూర్చున్నారు.

రాజలింగానికి ఉత్సాహం వచ్చింది. "చీరల సంగతా? ఆదివారం అందరు ఒక్క రంగే కట్టుకుంటే స్టేజి మీద మంచిగుంటది."

కొండవ్వ తన కొంగు తీసి ఒళ్లో పెట్టుకుంది. పసుపు దారానికి పసుపు కొమ్ము వేలాడింది.

"ఇగ మీరు తీయుండ్రి," అంది మిగతావాళ్లతో.

సుమిత్రమ్మ కొంగు తీసింది. పసుపు కొమ్ము. చేలకు పోయే ఇద్దరూ తీశారు. పసుపు కొమ్ములు. ప్రవీణ అందరికన్నా ఆఖరున తీసింది. ఆమెది ఎండి, ముడతలు పడి, దారం రంగు కూడా వెలిసిపోయింది.

రాజలింగం నిలబడినవాడు నిలబడినట్టే కూర్చుండిపోయాడు.

"మొన్న మహిళా సంఘం మీటింగుల సూసిన," అంది కొండవ్వ. "ఇంత ఎండల గూడ కొంగు దీస్తలేరేంది అని అడిగితే ఒక్కతి సలి అన్నది, ఒక్కతి గొంతునొప్పి అన్నది. నేను నాది తీసి సూపిచ్చిన. గప్పుడు చెప్పిన్రు."

ఒక్కొక్కరూ చెప్పారు. ఎవరి కథ వాళ్లదే అనుకున్నారు ఇన్నాళ్లూ. సుమిత్రమ్మ భర్త, పెద్దమనిషి మాట కాదని ఎట్ల పోతమని నోరు మూయించాడట. మిగతా ఇద్దరి ఇళ్లలో, ప్లాంటు మనవల్ల పోయిందనే మాట మనకెందుకన్నారట. అందరి దగ్గరా ఆగింది మోటరుసైకిలే. అందరికీ చూపింది లగ్గంపత్రికే.

"పిల్ల పేరు హర్షిణి, పిలగాని పేరు అరుణ్‌కుమార్," అంది సుమిత్రమ్మ, నలుగురిలోనూ బాగా చదువుకున్నది ఆవిడే. "నేను సదివిన."

"నాకు సూపిచ్చింది గదే," అంది ప్రవీణ. "దసరప్పుడు."

"ఏం లగ్గమమ్మా, దసరా నుంచి అయితనే ఉంది," అంది కొండవ్వ.

ఆడవాళ్లకు నవ్వు ఆగలేదు. అన్నాళ్లూ లోపల బిగబట్టుకున్నదంతా ఆ నవ్వులో కొట్టుకుపోయినట్టుంది. చేలకు పోయే ఇద్దరిలో ఒకామె నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. రాజలింగానికి మాత్రం నవ్వు రాలేదు.

నవ్వు తగ్గాక ప్రవీణ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు.

"మామా, నేను దసరప్పుడు నీ కాడికొచ్చిన. గప్పుడే ఠాణాకు పోకున్నా, ఊర్ల చాటింపేపిచ్చినా అయిపోతుండె. గా పత్రిక సూడంగనే వీళ్లంత ఉరికెటోళ్లు. అత్త గూడ ఉరికేది."

రాజలింగానికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తాను ఊరిని కాపాడుతున్నాననుకున్నాడు. దొంగేమో, ఈ పెద్దమనిషి తననే కాపాడుతున్నాడనుకుని ఉంటాడు. ఎన్నిసార్లు వచ్చినా కిక్కురుమనని ఊరు వాడికి మాత్రం ఎక్కడ దొరుకుతుంది? ఒకే దారి, ఒకే పత్రిక. వాడు పత్రిక మార్చే శ్రమ కూడా పడలేదు. కొండవ్వ మెడ మీద గీత తన వల్ల పడ్డదే. ఈ ఆలోచన రాగానే ఆయనకు తెల్ల చొక్కా ఒంటి మీద ఉండటమే కష్టమైంది.

"నవనీతూ, ఆటో తీయ్," అన్నాడు.

ఆటో వీధి మలుపు తిరిగేలోపే ఊరికి తెలిసిపోయింది. సన్మానం ఏర్పాట్లన్నీ మీదేసుకున్న భానుప్రకాశ్ బండి అడ్డంపెట్టి ఆపాడు. అతనిదీ పాపం స్వార్థమేం కాదు, నీళ్ల ప్లాంటు కోసం జాగ కూడా చదును చేయించి పెట్టాడు.

"తాతా, మూడు దినాలే. ఆదివారం దాటనీయి. ఇన్ని దినాలు ఆగినోళ్లు మూడు దినాలు ఆగలేరా?"

రాజలింగం ఆటోలోంచి దిగలేదు. నీళ్ల ప్లాంటు సంగతి ఆయనకూ బాధగానే ఉంది. పిల్లల పళ్లు ఆయనా చూస్తున్నాడు.

"మూడు దినాలల్ల వాడు మళ్ల రాడని నువ్వు చెప్తవారా భానూ? నీ పెండ్లాం సంఘం పని మీద రోజు బస్టాండు దాక నడిచే పోతది. రేపు ఆమె చేతికి పత్రికిస్తే?"

భానుప్రకాశ్ బండి తిప్పుకుని ఆటో ముందు నడిపించాడు. దారిలో భార్యకు ఫోన్ చేసి, ఎవడైనా లగ్గంపత్రిక చూపిస్తే దగ్గరికి పోవద్దని మూడుసార్లు చెప్పాడు.

మండల ఠాణాలో ఎస్సై పేరు జ్ఞానేశ్వరి. ఆ ఏడే కొత్తగా వచ్చింది. చింతలగడ్డ నుంచి మనుషులు వచ్చారంటే మొదట నమ్మలేదు. మీ ఊరోళ్లు ఠాణా ముఖం చూసుడు ఇదే మొదటిసారి అనుకుంట అని, అందరికీ కుర్చీలు వేయించింది. చాయ్ తెప్పించింది. రాజలింగం భయపడ్డట్టు ఎవరూ గద్దించలేదు, ఎవరూ రేపు రమ్మనలేదు. ఒక్కొక్కరి మాటా ఓపికగా విని రాసుకుంది. పత్రిక సంగతి వచ్చేసరికి కుర్చీలో ముందుకు జరిగి, పేర్లు రెండుసార్లు అడిగి మరీ రాసుకుంది. ఇది ఒక్కటి చాలు అమ్మా, వాణ్ని పట్టడానికి, అంది.

కొండవ్వ వంతు వచ్చింది. అంతా చెప్పాక ఎస్సై కలం ఆపింది.

"జరిగిన దినం మీరు రాలే. ఆలస్యానికి కారణమేందని రాయాల్సుంటది. ఎందుకు రాలేదవ్వా?"

కొండవ్వ మొగుడి వైపు ఒక్కసారి చూసింది. "జెరమొచ్చింది మేడం. లేవలేకపోయిన."

ఆమె ఎంత నున్నగా అబద్ధమాడిందంటే, రాజలింగానికి నిజంగానే ఆమెకు జ్వరం వచ్చిందేమో అనిపించింది. ఆ మాట అక్కడితో ఆగితే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఎస్సై రాయబోయింది కూడా. ఇన్ని రోజులూ తన మీద ఒక్క మాట అనకుండా ఉన్న మనిషి, ఇప్పుడు పోలీసుల ముందు కూడా తన పరువే కాపాడుతోంది.

"జెరం గాదు మేడం," అన్నాడు రాజలింగం. "నేను ఆపిన."

"మీరా?"

"నేనే. సన్మానం పోతదని ఆపిన. ఈ పిల్లను గూడ దసరప్పుడు నేనే ఆపిన. తక్కినోళ్లు నా పేరు జెప్తే ఆగిన్రు. కారణం కింద గదే రాయుండ్రి."

"పేరు రాయాల్సొస్తది తాతా."

"రాయుండ్రి. రాజలింగం. చింతలగడ్డ."

ఎస్సై ఆయన వైపు చూసింది, రాసింది. రాస్తూనే మెల్లగా అంది. "ఈ కేసులతోని మండలంల ఈ ఏడు మీ ఊరే అన్నిటికన్న పైకొస్తది."

"రానీయుండ్రి," అన్నాడు రాజలింగం. అనేశాక ప్రాణం తేలికపడింది. అంత తేలికపడుతుందని ముందే తెలిస్తే దసరాకే వచ్చేవాణ్ని కదా అనుకున్నాడు.

ఇంటికి వచ్చే దారిలో కొండవ్వ ఆటో కుదుపులకు ఆయన భుజం పట్టుకుని కూర్చుంది. "జెరమని మంచిగనే చెప్పిన గదా," అంది. "నడిమిట్ల నువ్వెందుకు దూరినవు?"

"నువ్వు అబద్ధం ఆడుతుంటే చూడబుద్ధి కాలే."

"అవ్, నువ్వు పెద్ద సత్యవంతునివి," అంది కొండవ్వ. ముందు కూర్చున్న నవనీత్ నవ్వాపుకోలేక హారన్ కొట్టాడు.

ఆదివారం సన్మానం పక్క మండలంలోని రాళ్లబండకు పోయింది. ఆ ఊళ్లో ఏడాది మొత్తానికి ఒకే ఒక్క కేసు, అది కూడా పేకముక్కల పత్తాలాట కేసు. అక్కడి పెద్దమనిషి సిద్ధయ్య శాలువా కప్పుకుని దిగిన ఫోటో పేపర్లో వచ్చింది. రాజలింగానికి కాస్త మంట పుట్టిన మాట నిజమే, ఎందుకంటే వాళ్లిద్దరిదీ పాత పోటీ. తర్వాత రెండు రోజులకు పోలీసుల లెక్కా వచ్చింది. నలుగురూ చూస్తుండగానే రాజలింగం అంజన్న హోటల్ ముందు కూర్చుని అంతా పైకి చదివాడు. ఈ మండలంలో గొలుసు దొంగతనాలు బాగా పెరిగాయని ఒక లైను ఉంది. దాన్ని కూడా మింగకుండా చదివాడు.

"మనది ఎంతరా అంజన్నా?"

అంజన్న గరిటె పట్టుకుని తటపటాయించాడు.

"చెప్పురా. ఐదు. చెప్తేనే గదా తెలిసేది," అన్నాడు రాజలింగం.

దొంగ సంక్రాంతి లోపలే దొరికాడు. ఎస్సై ఆ పత్రిక సంగతి ఫోన్లలోని గ్రూపుల్లో ఊరూరికీ పంపించింది. కుకునూరుపల్లి దారిలో ఒకావిడకు వాడు పత్రిక చూపించబోతే, ఆమె హర్షిణి లగ్గమా అని అడిగిందట. వాడు తెల్లమొహం వేసేలోపు బండి తాళంచెవి లాగి పొలంలోకి విసిరేసి కేకలు పెట్టిందట. ఆ కథ చింతలగడ్డలో వారం రోజులు చెప్పుకున్నారు. చెప్పిన ప్రతిసారీ తాళంచెవి ఇంకాస్త దూరం పడింది.

గుర్తుపట్టడానికి ఆడవాళ్లను ఠాణాకు పిలిచారు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పుస్తెలతాళ్లు పేర్చి పెట్టారు. కొండవ్వ తనది చూడగానే చేత్తో తడిమింది. కోర్టు నుంచి చేతికొచ్చేదాకా ఓపిక పట్టాలని ఎస్సై చెప్పింది. ఐదుగురివీ ఉన్నాయి. ఐదూ పక్కకు పెట్టాక కూడా బల్ల మీద ఇంకా కొన్ని మిగిలాయి.

"ఇవెవరియి?" అంది కొండవ్వ.

"తెల్వదవ్వా. వాడేమో ఏ ఊరో గుర్తు లేదంటుండు. ఎవ్వరు ఫిర్యాదు ఇయ్యలే," అంది జ్ఞానేశ్వరి. "సుట్టుపక్కల మండలాలు గూడ అడిగిన. ఎవరు రాకపోతే ఎవరిదని ఇయ్యాలె?"

కొండవ్వ ఆ మిగిలిన వాటినే చూస్తూ నిలబడింది. "పాపం, యాడనో పసుపు కొమ్ము కట్టుకొని తిరుగుతుండొచ్చు," అంది.

కేసు పెట్టకుండా ఊరుకునే ఊరు ఏదై ఉంటుందా అని రాజలింగం ఎక్కువసేపు ఆలోచించాల్సిన అవసరం రాలేదు. తన ఊరికి రావాల్సిన సన్మానం ఏ ఊరికి పోయిందో ఆయనకు తెలుసు. బయటికొచ్చి కొండవ్వతో కలిసి ఆటో ఎక్కి, రాళ్లబండ దిక్కు పోనియ్యిరా అన్నాడు నవనీత్‌తో.

సిద్ధయ్య వాళ్లను ఎదురొచ్చి మరీ లోపలికి తీసుకెళ్లాడు. గోడకు కొత్తగా కొట్టిన మేకుకు షీల్డు వేలాడుతోంది. రాజలింగం కళ్లు దాని మీద పడతాయని తెలిసే కుర్చీ దానికి ఎదురుగా వేశాడు. మాటల్లో పెట్టి ఫంక్షను సంగతంతా చెప్పాడు. శాలువా ఎంత మెత్తగా ఉందో చెప్పాడు. రాజలింగం అడ్డు చెప్పకుండా అంతా విన్నాడు.

"మంచిగుంది సిద్ధన్నా," అన్నాడు ఆఖరికి. "నాకు రాలే. ఎందుకు రాలేదో చెప్పనీకి వచ్చిన."

చెప్పాడు. పేపరు, సున్నా, ప్రవీణ రాక, చెప్పులు తొడుక్కుని మళ్లీ విప్పడం, వరండాలో పసుపు కొమ్ములు, ఠాణాలో తన పేరు, ఏదీ దాచుకోలేదు. ఠాణాలో బల్ల మీద మిగిలిపోయిన పుస్తెలతాళ్ల దాకా వచ్చి ఆగాడు. సిద్ధయ్య ముఖంలో ఇందాకటి వెలుగు తగ్గింది.

"మా ఊర్ల అసొంటియేం కాలే," అన్నాడు.

అప్పుడే ఆయన భార్య లస్మవ్వ చాయ్ పళ్లెం పట్టుకుని లోపలినుంచి వచ్చింది. మధ్యాహ్నం ఎండ వాకిట్లో చురుక్కుమంటోంది. ఆమె కొంగు మెడ చుట్టూ రెండు చుట్లు తిరిగి ఉంది.

రాజలింగం తల దించుకున్నాడు. కొండవ్వ లేచి ఆమె చేతిలో పళ్లెం అందుకుని కింద పెట్టింది. తన కొంగు పక్కకు తీసి, మెడలోని పసుపు కొమ్మును ఆమెకు చూపించింది. లస్మవ్వ దాన్ని చూసింది, మొగుణ్ని చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లగ్గంపత్రిక సూపిచ్చిండు," అంది.

సిద్ధయ్య గోడ మీది షీల్డు వైపు చూడలేక, భార్య వైపు చూడలేక, చాయ్ గ్లాసుల వైపు చూశాడు. కొన్ని వారాల కిందట తానూ సరిగ్గా అలాగే ఉన్నానని రాజలింగానికి తెలుసు. ఆయనకు పాత పోటీ మీద మనసు పోలేదు. పాపం, ఈ మనిషి ఇప్పుడు ఒంటరిగా ఆ ఠాణా మెట్లెక్కాలి అనిపించింది.

లస్మవ్వ కళ్లు తుడుచుకుని, "నేను చెప్పులు తొడుక్కొని వస్త," అని లోపలికి వెళ్లింది.

రాజలింగం కుర్చీ సిద్ధయ్య దగ్గరికి జరుపుకున్నాడు.

"ఠాణాల ఏమనరు సిద్ధన్నా. ఒక్క మాటే అడుగుతరు, ఇన్ని దినాలు ఎందుకు ఆగిన్రని. గా ఒక్కటి చెప్పుడే కష్టం. నడువు, నేను పక్కకే కూసుంట."